కళింగ తీరపు సముద్రం: గాలి, నీరు, లోతు

హిజ్రీ 237 (క్రీ.శ. 851) నాటి అరబ్బు గ్రంథం ‘అఖ్బారుస్సీన్ వల్ హింద్’ బంగాళాఖాతాన్ని ‘హర్కంద్ సముద్రం’గా పేర్కొన్నది. అరబ్బు నావికులు ఓడ ప్రయాణానికి అనువైన గాలుల కాలాన్ని ‘మౌసిమ్’ అన్నారు. ‘మాన్‌సూన్’ అనే మాటకు మూలం అదే. గాలితోపాటు నీటి గతి కూడా మారుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరం వెంట ప్రవాహం ఫిబ్రవరి నుండి మే వరకు ఈశాన్యంగా సాగుతుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు నైరుతికి మరలుతుంది.

అయితే ఓడపై నుండి కానరాని చలనం మరొకటి ఉన్నది. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్, అక్కడి విద్యార్థులతో కలిసి సముద్రపు వివిధ లోతులలో ఉష్ణోగ్రతను, ఉప్పదనాన్ని కొలిపించారు. వేసవి మొదట్లో అడుగునుండి చల్లని నీరు పైకి వస్తుందనీ, వర్షాకాలం ముగిశాక తీరం వద్ద పైనీరు కిందికి దిగుతుందనీ తేలింది. పైకి వచ్చే నీరు పోషకాలను తెస్తుంది. చేపల మేతకు అదే ఆధారం.

వర్షాల తరువాత గంగా, బ్రహ్మపుత్ర, మహానదుల మంచినీరు దక్షిణంగా వచ్చి ఉప్పునీటిపై పొరగా పరచుకుంటుంది. తేలికైన ఆ పొర కింది చల్లని నీటితో సులభంగా కలవదు. అందువల్ల తుఫాను సముద్రాన్ని చిలికినా పైభాగం అంతగా చల్లబడదు. తుఫానుకు వేడి అందుతూనే ఉంటుంది. 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ ఈ ఋతువులో వచ్చినదే.

నావికుడు గాలిని చదివాడు, శాస్త్రజ్ఞుడు లోతును చదివాడు. ఈ తీరాన వలపై బ్రతికే కుటుంబాలకు ఆ రెండు విద్యలూ అవసరమే.