పార్వతికి చెప్పని నిజం

పెళ్లయిన రోజే గోవర్ధన్‌ను పోలీసులు పట్టుకుపోయారు. అతను డాక్టరు. రైలు మీద బాంబు వేశాడని నేరం మోపారు. వేసింది అతను కాదు. 1915లో సముద్రం దాటించి అండమాన్ సెల్యులార్ జైల్లో పడేశారు. తాళికి పసుపు ఆరకముందే పార్వతి ఒంటరిదై ఊళ్లో ఉండిపోయింది.

ప్రియదర్శన్ 1996లో మలయాళంలో తీసిన ‘కాలాపాని’ కథ ఇది. తెలుగులోకీ వచ్చింది. మోహన్‌లాల్ గోవర్ధన్, టబు పార్వతి. అదే ఏడాది ‘నిన్నే పెళ్లాడతా’లో పండగలా వెలిగిన టబుని చూసినవాళ్లకి ఈ పార్వతి మొహం చూడటం కష్టం. సంతోష్ శివన్ కెమెరాకీ, సాబు సిరిల్ కళా దర్శకత్వానికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. రావలసినవే.

1906లో కట్టడం పూర్తయిన ఆ జైలుకి నడుమ ఒక బురుజు, దాని చుట్టూ ఏడు రెక్కలు. ఒక రెక్కలోని గదులన్నీ పక్క రెక్క వీపునే చూస్తుంటాయి. ఖైదీకి ఖైదీ మొహం కనపడకూడదని అలా కట్టారు. గానుగ తిప్పలేక మనుషులు కూలిపోయిన చోటు అది. అక్కడ గోవర్ధన్ చాలాకాలం డాక్టరుగానే మిగలాలని చూశాడు. విడుదల కావలసిన ఖైదీలను జైలర్ బారీ కపటంతో కాల్పించాడు. ఆ తర్వాత గోవర్ధన్ ఇక నిలబడలేకపోయాడు. బారీనీ, అతని కింద పనిచేసే మీర్జాఖాన్‌నీ చంపాడు, ఉరికంబం ఎక్కాడు. నన్ను అన్నిటికన్నా కుంగదీసింది ఇదే. చేయని నేరానికి తెచ్చినవాళ్లు చివరికి అతనిచేత నేరం చేయించారు. వైద్యం చేసే చేతులను కూడా అతనికి మిగల్చలేదు.

అర్ధ శతాబ్దం గడిచాక పార్వతి మేనల్లుడు సేతు, సైన్యంలో అధికారి, పోర్ట్ బ్లెయిర్ వచ్చి పాత కాగితాల్లో ఈ సంగతంతా చదువుతాడు. తిరిగి వెళ్లి అత్తకి మాత్రం చెప్పడు. ఆమె ఎదురుచూపు ఆగదు.

సినిమా దీన్ని కరుణ అనుకుంటుంది. ప్రేమంటే ఎదురుచూడటమేననీ, ఎదురుచూపు చెదిరితే మనిషి మిగలదనీ నమ్ముతుంది. చూసిన ప్రతిసారీ నా కళ్లు తడుస్తాయి, అయినా ఆ నమ్మకం నాకు మింగుడుపడదు.

చీకటి అబద్ధమని నేననను. ఆ జైల్లోనే ఉన్న బాబారావు సావర్కర్ భార్య యేసుబాయి, భర్తను మళ్లీ చూడకుండానే కన్నుమూసింది. రాజకీయ ఖైదీల ఇళ్లలో అలాంటి చావులు నిజంగా జరిగాయి. కానీ ఈ ద్వీపాలు మరొకటి కూడా చూశాయి. 1921 మోప్లా తిరుగుబాటు తర్వాత మలబారు నుంచి ఖైదీలను ఇక్కడికి పంపారు. కుటుంబాలను తెచ్చుకోవచ్చని కొన్నేళ్లకి ప్రభుత్వం అన్నప్పుడు, కొందరు ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని ఓడెక్కారు. నల్లనీళ్లు దాటితే తిరిగి రారని పేరుపడ్డ చోటికి, తెలిసే వచ్చారు. మలేరియాలో, అడవి నరికిన మళ్లలో కాపురాలు పెట్టారు. దక్షిణ అండమాన్‌లో మంజేరి, వండూర్, కాలికట్, మలప్పురం అనే ఊళ్లు ఇవాళ్టికీ ఉన్నాయి. గోవర్ధన్ వంటి వాళ్లకి 1915లో ఆ వీలు లేదు, నిజమే. అయినా ఆడవాళ్ల ప్రేమ గుమ్మం దాకానే నడవగలదని ఈ సినిమా చెప్తే, ఈ ఊళ్లు ఒప్పుకోవు.

పార్వతి బతుకంతా ఒక్క నిజం చుట్టూ తిరిగింది. ఆ నిజం తెలిసిన సేతు ఆమె తట్టుకోలేదని తానే నిర్ణయించేశాడు. యాభై ఏళ్లు తట్టుకున్న మనిషి గురించి అతను అలా ఎలా అనుకోగలిగాడు? భర్తకి కర్మకాండ చేయించే హక్కు, అతను ఆఖరిసారి నిలబడ్డ చోట చేయి ఆనించి ఏడ్చే హక్కు, ఆ తర్వాత ఇంకేదైనా బతుకు బతికే హక్కు ఆమెవి. ‘అత్తా, మామయ్య లేడు’ అని ఆమె పక్కన కూర్చుని చెప్పాల్సింది. అప్పటికి మద్రాసు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడలున్నాయి. ఆమెకి ఒక టికెట్టు కొనాల్సింది.