గోదావరి మన్యంలో వేట ఆటలు

గోదావరి డెల్టాకు ఎగువన, పాపికొండల చుట్టూ ఉన్న అడవుల్లో కోయలూ కొండరెడ్లూ తమ వేట విద్యను పిల్లలకు చాలావరకు ఆటలుగా, నృత్యాలుగా, పండుగ తంతులుగా నేర్పుతూ వచ్చారు. రంపచోడవరం, మారేడుమిల్లి, దేవీపట్నం మండలాలు చాలాకాలం తూర్పుగోదావరి ఏజెన్సీలోవి. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. పోలవరం, బుట్టాయగూడెం వైపు మన్యం అదే రోజున ఏలూరు జిల్లాకు వెళ్లింది.

ఇక్కడివారికి ప్రధాన జీవనం పోడు వ్యవసాయం, అటవీ ఫలసాయం. వేట వాటికి తోడు. విల్లు పట్టడం చిన్నతనంలోనే ఆటగా మొదలవుతుంది. వింటికర్ర వెదురుదే, నారి కూడా చాలాచోట్ల వెదురు బద్దే. పిట్టలను కొట్టే బాణానికి ఇనుప మొన ఉండదు, మొద్దు కొన చాలు. గురి కుదరడం అందులో సగమే. గాలి ఎటు వీస్తోందో చూసుకోవడం, అడుగు చప్పుడు కాకుండా నడవడం, ఆనవాళ్లు పట్టడం పెద్దల వెంట తిరిగితేనే అబ్బుతాయి.

ఈ చదువు ఏటా బయటపడేది వేసవి చివర, విత్తనాలకు ముందు వచ్చే భూమి పండుగలో. కోయలు దీన్ని విజ్జ పండుం అంటారు. మగవాళ్లు గుంపుగా విల్లంబులతో అడవికి వెళతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి, పాటలు పాడి, వచ్చేపోయే వాహనాలను ఆపి పండుగ చందా వసూలు చేస్తారు. విశాఖ మన్యంలో దీనికి దగ్గరిది ఇటుకల పండుగ; అక్కడ వట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారు. బయటివారికి ఇది వినోదంగా కనిపించవచ్చు గానీ, గెలుపోటములూ జరిమానాలూ ఉన్న పక్కా ఆట ఇది. తీర్పరులు ఆడవాళ్లే.

వేట చరిత్రను ఎక్కువగా మోస్తున్నది మాత్రం కొమ్ముకోయ నృత్యం. దీన్నే పెర్మకోక్ ఆట అంటారు. తలపాగాకు అడవిదున్న కొమ్ములు బిగించి, నెమలి ఈకలు కూర్చి, మెడలో పెద్ద డోలు వేసుకుని మగవాళ్లు ఆడతారు. డోలు దెబ్బకు తగ్గట్టు దున్నలు తల వంచి ఎదురెదురుగా నిలుస్తాయి, కాలు దువ్వుతాయి, కుమ్ముకుంటాయి. అడవిదున్న కదలికలు తెలియనివాడు ఈ ఆట ఆడలేడు. బ్రిటిషువారు పాపికొండలను ‘బైసన్ హిల్స్’ అన్నదీ ఈ దున్నల వల్లే. ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ నిజాం రాజ్యం వైపు కొండరెడ్ల మీద రాసి 1945లో అచ్చువేసిన ‘ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ పేరులోనూ అవే ఉన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవిదున్న మొదటి షెడ్యూలు జంతువు కావడంతో ఇప్పుడు కొత్త కొమ్ములకు దారి లేదు.

కోస్తా పల్లెల్లో వేట ఆట అనగానే గుర్తొచ్చేది పులిజూదం, అంటే పులి-మేక. అరుగు మీద సుద్దతో త్రిభుజాకారపు గీతల పటం వేస్తారు. అందులో 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు. పులులకు రాళ్లు, మేకలకు చింతపిక్కలు. మేకలను ఒక్కొక్కటిగా దించాలి, అన్నీ దిగేదాకా వాటికి కదలిక లేదు. పులి మేక మీదుగా అవతలి ఖాళీ కూడలికి దూకితే మేక చచ్చినట్టు. పులులు ఎటూ కదలకుండా దారులు మూస్తే మేకలదే గెలుపు. దీన్ని ఆదివాసీ వేటకు నమూనాగా చూపడం తరచుగా వింటాం. ఆ పోలిక సగమే నిజం. పులి వైపు నుంచి ఆడితే వేటే. మేకల వైపు నుంచి ఆడితే మందను కాచుకునే కాపరి తెలివి. గుంపుగా దారులు కమ్మడం ఒక్కటే రెండింటికీ ఉమ్మడి పాఠం.

వేట మీద ఆంక్షలు బ్రిటిషు పాలనలోనే మొదలయ్యాయి. కల్లు పన్ను, మన్సబుదారు దోపిడీ మీద 1879లో రంప తిరుగుబాటు వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం అడవి మీద సర్కారు పట్టును బిగించింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరుసగా దాడి చేసింది. అడవిలో నేర్చిన విలువిద్య ఆ పోరాటంలో ఆయుధమైంది. స్వతంత్ర భారతంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ ఉద్యానవనం అయ్యాయి. ఆదివాసులకు అడవి మీద హక్కులిచ్చిన 2006 చట్టం కూడా సంప్రదాయ హక్కుల్లోంచి వేటను పేరుపెట్టి మినహాయించింది. పోలవరం ప్రాజెక్టు ముంపుతో దేవీపట్నం వైపు ఎన్నో ఊళ్లు పునరావాస కాలనీలకు తరలాయి. అక్కడి పిల్లలకు విల్లు దొరికినా తిరగడానికి అడవి లేదు.

బడిలో ఈ విద్యకు దొరికిన చోటు చిన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన మాతృభాషా బోధన పథకం కోయతో సహా 8 భాషల్లో వాచకాలు తయారుచేసింది. కొండరెడ్ల ఇంటి భాష తెలుగే కావడంతో వారికి విడిగా పుస్తకం రాలేదు. 1997–98లో కేంద్రం మొదలుపెట్టిన గిరిజన ఆశ్రమ విద్యాలయాలకు ఏకలవ్య అని పేరు. విలువిద్యకు బొటనవేలు ఇచ్చుకున్న బోయ పిల్లవాడి పేరు బడికి పెట్టడంలోని వ్యంగ్యం పేరు పెట్టినవారికి తట్టిందో లేదో!

వేటను పిల్లలకు ఆటగా చెప్పే పనిని కంప్యూటర్ మీద చేసిన ఉదాహరణలు ఉత్తర అమెరికాలో ఉన్నాయి. 1971లో మిన్నెసోటా ఉపాధ్యాయులు తయారుచేసిన ‘ఒరెగాన్ ట్రయిల్’ లో వేట ఉంది, కానీ అది వలస వెళ్లే తెల్లవారి వేట. తరువాతి రూపాల్లో ఆటగాడు ఎన్ని దున్నలను కాల్చినా బండికి మోసుకెళ్లేది కొంత మాంసమే. మిగతాది అక్కడే వదిలేయాలి. 2014లో అలాస్కా ఆదివాసీ మండలి ఒకటి ఇన్యుపియాట్ పెద్దల కథలతో ‘నెవర్ అలోన్’ తెచ్చింది. అందులో ఒక పాప, తెల్లనక్క కలిసి నడుస్తారు. మధ్యమధ్య పెద్దలు మాట్లాడే చిన్న వీడియోలు వస్తాయి. 2019 నాటి ‘వెన్ రివర్స్ వర్ ట్రయిల్స్’ ఒరెగాన్ ట్రయిల్ కథనే నేల పోగొట్టుకున్నవారి వైపు నుంచి చెప్పింది. మన్యం వేటను ఇలా ఆటగా మలచాలంటే ఎన్ని జంతువులు పడ్డాయన్న లెక్క పనికిరాదు. వేటమాంసం ఊరంతా వాటాలు వేసుకోవడం, విత్తనాల వేళ తప్పకపోవడం, వట్టి చేతులతో వచ్చినవాడి మీద చల్లే పేడనీళ్లు ఆట నియమాల్లోనే ఉండాలి.