హీరోలను తాకట్టు పెట్టిన మార్వెల్.. అప్పుతోనే సినిమాల్లోకి ఎంట్రీ

కామిక్స్ కంపెనీ మార్వెల్ 1996లో దివాలా తీసింది. అప్పటికే ఎక్స్‌మెన్ సినిమా హక్కులు ఫాక్స్ చేతిలో ఉన్నాయి. తర్వాత స్పైడర్‌మ్యాన్ కూడా సోనీకి వెళ్లిపోయాడు. సినిమాలు సూపర్‌హిట్ అయినా మార్వెల్‌కు దక్కింది కొద్దిపాటి వాటానే. దీంతో సొంతంగానే తీయాలని డిసైడ్ అయి, 2005లో మెరిల్ లించ్ ద్వారా 52.5 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. మరి తాకట్టు పెట్టిందేంటో తెలుసా? భూములు, బిల్డింగులు కాదు.. కెప్టెన్ అమెరికా, బ్లాక్ పాంథర్, అవెంజర్స్ సహా 10 టైటిళ్ల సినిమా హక్కులు! అప్పట్లో స్పైడర్‌మ్యాన్ ముందు వీళ్లంతా చిన్న హీరోలే అనుకోండి. అప్పు తీర్చలేకపోతే ఆ హక్కులు కూడా చేజారేవే. 2008లో వచ్చిన తొలి సినిమా ‘ఐరన్ మ్యాన్’ ప్రపంచవ్యాప్తంగా 58 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. మరుసటి ఏడాదే మార్వెల్‌ను సుమారు 400 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు డిస్నీ ప్రకటించింది. స్పైడర్‌మ్యాన్ సినిమా హక్కులు మాత్రం ఇప్పటికీ సోనీ దగ్గరే ఉన్నాయి.