ఆంగ్ల పదక్రీడలలో అక్షరాలతో పదాన్వేషణ

ఇచ్చిన అక్షరాలు గల ఆంగ్ల పదాలను వెదకి పట్టుకోవడం స్క్రాబుల్, గళ్ళ నుడికట్టు, వర్డిల్ వంటి పదక్రీడలకు మూలమైన నైపుణ్యం. నిఘంటువులో పదాలు మొదటి అక్షరాన్ని బట్టి వరుసగా ఉంటాయి. ఆటలో తెలిసిన అక్షరం పదం నడుమనో చివరనో ఉండవచ్చు. కనుక ఇక్కడ అర్థం కంటే వర్ణక్రమమే ప్రధానం. అరుదైన అక్షరాలు గల పదాలలో పెక్కు అరబ్బీ, పారశీక, భారతీయ భాషల నుండి ఆంగ్లంలో చేరినవి. అందువలన తెలుగుతో పాటు ఉర్దూ కూడా వినిపించే నిజామాబాదు, బోధన్ ప్రాంతాల విద్యార్థులకు వాటిలో కొన్ని ముందే పరిచితమైనవి.

చరిత్ర

ఆంగ్ల రచయిత లూయీ కారల్ ఒక పదంలో ఒక్కొక్క అక్షరాన్నే మారుస్తూ మరొక పదాన్ని చేరే "డబ్లెట్స్" అనే ఆటను 1879లో పత్రికాముఖంగా ప్రచారంలోకి తెచ్చాడు. 1913 డిసెంబరు 21న ఆర్థర్ విన్ కూర్చిన గళ్ళ నుడికట్టు న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వెలువడింది. 1930లలో అమెరికా వాస్తుశిల్పి ఆల్ఫ్రెడ్ బట్స్, వార్తాపత్రికలలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కించి, తరువాత స్క్రాబుల్‌గా మారిన ఆటను రూపొందించాడు. దానికి ఆ పేరు 1948లో వచ్చింది. జోష్ వార్డిల్ తయారుచేసిన వర్డిల్ 2021లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇందులో అయిదక్షరాల పదాన్ని ఆరు ప్రయత్నాలలో కనుగొనాలి.

అక్షరాల విలువ

స్క్రాబుల్ ఆంగ్ల ప్రతిలో 100 బిళ్ళలు ఉంటాయి. వాటిలో రెండు ఖాళీవి. తరచుగా వచ్చే "ఇ" అక్షరానికి 12 బిళ్ళలు, ఒక్కొక్క దానికి ఒకే పాయింటు. అరుదైన "క్యూ", "జెడ్" అక్షరాలకు ఒక్కొక్కటే బిళ్ళ, 10 పాయింట్లు. "జె", "ఎక్స్" అక్షరాలకు 8 పాయింట్లు. చేతిలోని ఏడు బిళ్ళలనూ ఒకేసారి వాడితే అదనంగా 50 పాయింట్లు లభిస్తాయి.

వెదికే పద్ధతులు

* అక్షరాలను వరుసలో పేర్చడం: "షుగర్" పదంలోని ఎస్, యు, జి, ఎ, ఆర్ అక్షరాలను వరుసలో పెడితే ఎ, జి, ఆర్, ఎస్, యు అవుతాయి. గోరుచిక్కుడు జాతిని సూచించే "గ్వార్", అడవిదున్నను సూచించే "గౌర్" పదాల బహువచన రూపాలకూ ఇదే వరుస వస్తుంది. కంప్యూటర్లలోనూ ఈ పద్ధతిని ఉపయోగిస్తారు.
* ముందు, వెనుక చేరే భాగాలను వేరుచేయడం: "రి", "అన్" వంటి ఉపసర్గలను, "ఇంగ్", "ఇడి" వంటి ప్రత్యయాలను పక్కన పెడితే మిగిలిన కొద్ది అక్షరాలతో ధాతువును ఊహించడం సులభం.
* అచ్చులు లేని పదాలను గుర్తుంచుకోవడం: రిథమ్, లింక్స్, మిత్ వంటి పదాలలో "వై" అక్షరమే అచ్చు పని చేస్తుంది.

అరుదైన అక్షరాలు, పరిచితమైన పదాలు

ఆంగ్లంలో "క్యూ" తరువాత సాధారణంగా "యు" వస్తుంది. ఖాదీ (న్యాయాధికారి), ఫకీరు, బురఖా, నఖాబు వంటి అరబ్బీ మూలం గల పదాలలో ఈ నియమం వర్తించదు. ఫకీరు పదాన్ని "క్యూ"తోనూ "కె"తోనూ రాయవచ్చు. చేతిలో ఏ బిళ్ళ ఉంటే ఆ రూపం పనికివస్తుంది.

తెలుగు విద్యార్థికి ఎదురయ్యే చిక్కు ఉచ్చారణ వలన వస్తుంది. తెలుగు లిపిలో ఒకే "జ"గా రాసేది ఆంగ్లంలో జె, జి, జెడ్ అనే మూడు అక్షరాలలో దేనితోనైనా ఉండవచ్చు. "నిజాం" పదాన్ని "జె" కింద వెదికితే దొరకదు. అందులో ఉన్నది "జెడ్". ఊరి పేరు కావడంతో "నిజామాబాద్" ఆటలో చెల్లదు. "నిజాం" మాత్రం సామాన్య నామంగా చెల్లుతుంది. గడులలోని అదనపు విలువలను పక్కన పెడితే దానికి 16 పాయింట్లు.

చక్కెర ప్రాంతపు పదాలు కూడా ఇటువంటివే. 1937లో స్థాపితమై, 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారం బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో ఉన్నది. ఆ పేరులోని "శక్కర్", ఆంగ్లంలోని "షుగర్", బెల్లాన్ని సూచించే "జాగరీ" మూడింటికీ సంస్కృత "శర్కర"యే మూలం. జాగరీ పోర్చుగీసు ద్వారా ఆంగ్లంలో చేరింది. అందులో మొదట "జె", నడుమ రెండు "జి"లు ఉంటాయి. పందికొక్కు అనే తెలుగు పదం నుండి "బాండికూట్" ఏర్పడింది.

తెలుగు క్రీడలతో పోలిక

తెలుగు నుడికట్టులో గుణింతం, ఒత్తులతో కూడిన అక్షరం ఒకే గడిలో ఇముడుతుంది. "చక్కెర"కు మూడు గడులు చాలును. ఆంగ్లంలో "షుగర్"కు అయిదు కావాలి. కనుక తెలుగు పదాన్ని చెవితో పట్టుకోవచ్చు గాని, ఆంగ్ల పదానికి కన్ను కూడా తోడు కావాలి.

పరిమితులు

ఆటలో చెల్లే పదాల జాబితాలు అన్ని దేశాలలో ఒకటి కావు. ఉత్తర అమెరికాలో వాడే జాబితా వేరు, బ్రిటన్ తదితర దేశాలలో వాడే కాలిన్స్ జాబితా వేరు. ఆట ప్రారంభానికి ముందే ఏ జాబితాను ప్రమాణంగా తీసుకోవాలో నిర్ణయించుకోవాలి. జాబితాలను కంఠస్థం చేస్తే పాయింట్లు వస్తాయి. పదం ఏ భాష నుండి వచ్చిందో తెలుసుకుంటే వర్ణక్రమం, అర్థం రెండూ గుర్తుంటాయి.