ఒక ఎద్దు, కాస్త ఎండుగడ్డి, మా ఇంటి క్రిస్మస్

"అమ్మా, ఈసారి మనం మినిమలిస్ట్ క్రిస్మస్ చేసుకుందాం" అంది మా అమ్మాయి, ఫోను నా ముందు పెట్టి. 2024 డిసెంబరు మొదటి వారం అది. ఫోనులో తెల్లటి గోడ, దానికి కర్ర పుల్లలతో కట్టిన చెట్టు, పక్కన ఒక్క దీపం. చూడటానికి ప్రశాంతంగానే ఉంది. కింద ధర చూశాను. ఆ పుల్లలు, ఆ దీపం కలిపి మా ఇంటి నెల పాలబిల్లును మించిపోయాయి.

మంచం మీద కూర్చుని బియ్యం ఏరుతున్న మా అమ్మ తల కూడా ఎత్తలేదు. "ఈ ఏడు ఏ అలంకారాలూ వద్దే. గుడికెళ్లి పూజ చూసుకుని వద్దాం, చాలు" అంది.

అమ్మ అలా ఎందుకందో మీకు చెప్పాలి. అమ్మావాళ్ల ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో. ఆ సెప్టెంబరులో బుడమేరు పొంగింది గుర్తుందా? మా కొండపల్లి దగ్గర డైవర్షన్ కాలువకు గండ్లు పడి, ఆ నీళ్లు వెళ్లి సింగ్‌నగర్‌ను ముంచేశాయి. రోజుల తరబడి నీళ్లు కదల్లేదు. అమ్మను పడవ మీద బయటికి తెచ్చి మా ఇంటికి తీసుకొచ్చుకున్నాం. నీళ్లు తీశాక నేనూ మా వారూ వెళ్లి తలుపు తోశాం. ఆ బురద, ఆ వాసన ఇప్పటికీ మరవలేను. ఫ్రిజ్జు బోర్లా పడి ఉంది. పెళ్లినాటి బీరువా అడుగు తుప్పు పట్టిపోయింది. మంచం కింద అమ్మ నలభై ఏళ్లుగా దాచుకున్న క్రిస్మస్ పెట్టె ఉండేది. మూత తీస్తే, ప్లాస్టిక్ చెట్టు బురదలో ముద్దైపోయింది. సీరియల్ లైట్ల తీగలు దానికే చుట్టుకుని ఉన్నాయి. పశువుల పాకలో పెట్టే మరియమ్మ, యోసేపు, గొర్రెలకాపరులు... ప్లాస్టర్ బొమ్మలు కదా, చెయ్యి పెడితే సున్నపు ముద్దల్లా విరిగిపోయాయి.

ఒక్కటి మాత్రం మిగిలింది. కిటికీ ఊచల మధ్య ఇరుక్కుని, కొండపల్లి ఎద్దు. ఒక కొమ్ము లేదు, సగం రంగు లేచిపోయింది. నా పెళ్లైన కొత్తలో మా నాన్న మమ్మల్ని చూడ్డానికి కొండపల్లి వచ్చి, బొమ్మల కాలనీలో కొనుక్కెళ్లిన జతలో ఒకటి. పెట్టెలో పట్టక దాన్ని అల్మారా మీద పెట్టేది అమ్మ. బెండులా తేలికైన కర్ర కాబట్టి నీళ్లతోపాటు పైకి తేలి కిటికీ దాకా వెళ్లినట్టుంది. నాన్న లేరిప్పుడు. ఆ ఎద్దును చీర కొంగులో చుట్టి తెచ్చుకున్నాను.

అందుకే అమ్మాయి అడిగిన రోజు నాకు అటూ ఇటూ తెగలేదు. అమ్మకేమో పోయినవాటి బెంగ. అమ్మాయికేమో కొత్తవాటి మోజు. నేను బీఏలో తెలుగు చదివినదాన్ని. ఏ మాటైనా ఎక్కణ్నుంచి వచ్చిందో వెతకడం అప్పట్నుంచీ అలవాటు. ఈసారి అమ్మ పెట్టెలోని వస్తువులు ఒక్కోటీ ఎప్పుడు, ఎలా ఇళ్లలోకి వచ్చాయో చదవడం మొదలుపెట్టాను.

ముందు చెట్టు. అది జర్మనీవాళ్ల ఆచారం. ఇంగ్లండు రాజకుటుంబంలో అంతకుముందే ఉన్నా, దానికి పేరొచ్చింది మాత్రం 1848లో. విక్టోరియా రాణి, జర్మనీ నుంచి వచ్చిన ఆమె భర్త ఆల్బర్ట్, పిల్లలూ చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మను లండన్ పత్రిక ఒకటి అచ్చువేసింది. రెండేళ్లకు, 1850లో, అదే బొమ్మను అమెరికాలో 'గోడీస్ లేడీస్ బుక్' అనే ఆడవాళ్ల పత్రిక వేసుకుంది. ఎలాగో తెలుసా? రాణి తలమీది కిరీటం తీసేసి, ఆల్బర్ట్ మీసం చెరిపేసి, మామూలు అమెరికా కుటుంబంలా మార్చేసింది! ఆ పత్రిక సంపాదకురాలు సారా జోసెఫా హేల్, అయిదుగురు పిల్లలను సాకిన వితంతువు. మేరీ, ఆమె గొర్రెపిల్ల గురించి మన పిల్లలు బళ్లో పాడే ఇంగ్లీషు పాట రాసింది కూడా ఆమే. ఆ బొమ్మ చూసి ఎన్ని ఇళ్లలో "మనమూ పెట్టుకుందాం" అనుకున్నారో. మా అమ్మాయి ఫోనులో బొమ్మ చూసి ముచ్చటపడటం ఏమీ కొత్త కాదన్నమాట! నూట డెబ్భై ఏళ్ల నాటి సంగతే.

తర్వాత సీరియల్ లైట్లు. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ దగ్గర పనిచేసే ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో చెట్టుకు ఎనభై చిన్న బల్బులు కట్టి వెలిగించాడు. కరెంటు అప్పటికి వింత వస్తువు. ఒక రకంగా అది వాళ్ల వ్యాపారానికి ప్రచారం కూడా.

ఇప్పుడు మన వైపు చూడండి. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే మిషనరీలు మచిలీపట్నంలో దిగింది 1841లో. గుంటూరుకు లూథరన్ మిషనరీ హయ్యర్ వచ్చింది 1842లో. అంటే లండన్ పత్రికలో ఆ చెట్టు బొమ్మ పడకముందే కృష్ణా తీరంలో ఈ మిషన్లు మొదలయ్యాయి. మరి మనవాళ్ల ఇళ్లలో చెట్టు లేనప్పుడు పండగ ఎలా కనబడేది?

దీనికి జవాబు నాకు పుస్తకాల్లో కాదు, మా అత్తయ్య దగ్గర దొరికింది. మా వారి తరఫు సీఎస్‌ఐ వాళ్లు. "మా చిన్నప్పుడు అలంకారం అంటే సున్నమేనమ్మా" అంది అత్తయ్య. పండగకు వారం ముందు గోడలకు వెల్ల వేసేవారట. అరుగులు అలికి ముగ్గులు పెట్టేవారు. గుమ్మానికి మామిడాకుల తోరణం, బంతిపూల దండ. వెదురుబద్దలతో నక్షత్రం కట్టి, గాలిపటం కాగితం అంటించి, లోపల దీపం పెట్టి వెదురుగడకు ఎత్తేవారు. అంతే. పండగ అయ్యాక తోరణం పశువులకో పెంటకో పోయేది, ముగ్గు వానకు పోయేది. మళ్లీ ఏడాదికి మళ్లీ చేసుకోవడమే. దాచుకోవడానికి పెట్టె అవసరమే లేదు!

కాగితపు నక్షత్రానికీ ఒక కథ ఉంది. వాటిలో బాగా పేరున్నదాన్ని 1830ల్లో జర్మనీలో నీస్కీ అనే ఊళ్లో, మొరావియన్ సంఘంవాళ్ల హాస్టల్ బడిలో, పిల్లలకు రేఖాగణితం నేర్పడానికి చేయించారట. లెక్కల పాఠం కాస్తా పండగ దీపమైంది. కాగితం, జిగురు, పిల్లల చేతులు ఉంటే చాలు.

ఇక పశువుల పాక. ఇది చదివాకే నాకు దారి దొరికింది. ఇటలీలో గ్రెచ్చో అనే చిన్న ఊరు. 1223 క్రిస్మస్‌కు అసీసీ ఫ్రాన్సిస్ అక్కడ బేత్లెహేము సంగతి జనానికి కళ్లకు కట్టించాలనుకున్నారు. ఆయన సిద్ధం చేయమన్నవి ఏమిటి? ఒక తొట్టి, ఎండుగడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద. మరియమ్మ బొమ్మ లేదు, యోసేపు బొమ్మ లేదు, బాలయేసు ప్రతిమ కూడా లేదు. ఆ ఖాళీ తొట్టి దగ్గరే పూజ జరిగింది. ఇప్పుడు మనం పెట్టే క్రిబ్‌లన్నిటికీ పెద్దమ్మ లాంటిది అదే. ఇంకో సంగతి, లూకా సువార్తలో ఎద్దూ గాడిదా ప్రస్తావన కూడా లేదు. తొట్టి ఒక్కటే ఉంది.

అది చదివి అల్మారాలో ఉన్న నాన్న ఎద్దు వంక చూశాను.

మర్నాడు దాన్ని తీసుకుని బొమ్మల కాలనీకి నడిచాను. పదేపదే చూసిన పనే అయినా ఆ రోజు కూర్చుని శ్రద్ధగా చూశాను. కొండపల్లి బొమ్మకు వాడేది తెల్లపొణికి కర్ర. దాన్ని సన్నని సెగ మీద చెమ్మ పోయేదాకా ఆరబెడతారు. తల, మొండెం, కాళ్లు, కొమ్ములు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. సున్నం పూత వేసి ఆరాక, మేక వెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుతారు. ఈ పని చేసే ఆర్యక్షత్రియులు తమ పూర్వీకులు కొన్ని వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడిచెట్టెక్కే గీతకార్మికుడు, ఎడ్లబండి, పెళ్లికొడుకు పెళ్లికూతురు, వీళ్ల చేతుల్లో పుట్టని జీవితం లేదు. సంక్రాంతికి మా వీధిలో ప్రతి బొమ్మలకొలువులోనూ ఇవే. భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరొచ్చింది. కానీ చుట్టుపక్కల అడవిలో తెల్లపొణికి తగ్గిపోవడం వీళ్లను చాలాకాలంగా పీడిస్తున్న బాధ.

ఎద్దును చేతిలో తిప్పి చూసి, "కొమ్ము పెట్టిస్తానమ్మా. రంగు కూడా మొత్తం వేసేదా?" అని అడిగాడు పనిచేసే పెద్దాయన. అమ్మకు ఫోన్ చేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "రంగు వద్దు. నాన్న కొన్నప్పటి రంగు ఎంతుంటే అంత ఉండనియ్యి. కొమ్ము మాత్రం పెట్టించు" అంది. పండగ వద్దన్న మనిషి నోట ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది.

డిసెంబరు కదా, సార్వా కోతలు. తెలిసినవాళ్ల పొలం నుంచి మా వారు సంచిలో కాస్త ఎండుగడ్డి తెచ్చారు. అమ్మాయి పాత చెక్కపెట్టె ఒకటి తొట్టిలా పడుకోబెట్టింది. హాల్లో ఒక మూల బల్ల ఖాళీ చేసి, ఆ తొట్టి, గడ్డి, పక్కన ఒకే కొమ్ముకు కొత్త రంగున్న ఎద్దు. బాలయేసు బొమ్మ పెట్టలేదు. గుమ్మానికి మామిడాకులు, వాకిట్లో ముగ్గు. నక్షత్రం అమ్మాయే కట్టింది. మొదటిసారి వంకర వచ్చింది, రెండోసారి కుదిరింది. ఫోనులోని పుల్లల చెట్టు కొనలేదు. "అమ్మా, ఇదే అసలు మినిమలిస్ట్" అంది నవ్వుతూ. నాకనిపించింది, పొదుపుగా కనబడటానికి కొత్త వస్తువులు కొనడం పొదుపు కాదు. ఉన్నదాన్ని బాగుచేసుకోవడం, చేత్తో చేసుకోవడం, అయిపోయాక మట్టిలో కలిసేది వాడుకోవడం, ఇది మన అమ్మమ్మలకు ఏ పేరూ లేకుండానే తెలుసు.

అలాగని చెట్టు పెట్టుకున్నవాళ్లను తప్పుపట్టను. అమ్మ ఆ ప్లాస్టిక్ చెట్టును నలభై ఏళ్లు తుడిచి తుడిచి వాడింది. అంతకంటే పొదుపు ఏముంది? పోయినందుకు ఆమె బాధపడిందీ అంటే, అది వస్తువు మీద ప్రేమ కాదు, ఆ చెట్టు చుట్టూ పెరిగిన మా అందరి మీద ప్రేమ.

ఆ రాత్రి పూజకు వెళ్లి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. చెప్పులు విడిచి అమ్మ నేరుగా ఆ మూలకు వెళ్లింది. తొట్టిలో గడ్డి సర్దింది. ఎద్దును కొంచెం తొట్టి వైపు తిప్పి, "దీని మొహం ఇటుండాలే. నాన్న ఇలాగే పెట్టేవారు" అంది.

ఈ ఏడు అమ్మ తన ఇంటికి తిరిగి వెళ్లింది. గోడలకు వెల్ల వేయించుకుంది. పెట్టె కొననంది. మొన్న ఫోన్ చేసి ఒకటే అడిగింది: "ఎద్దును ఈసారి నా దగ్గర పెట్టుకుంటాను, కాస్త గడ్డితో పాటు పంపిస్తావా?"