శిలాంతర్దర్శనము



జీర్ణోద్ధరణ సంచికలో రాతిని గురించి నాలుగు మాటలు మనవి చేయుట సముచితమని తలచినాను. శిలను ఎన్నుకొనునప్పుడు స్థపతులు దానిని తట్టి, నాదభేదమును బట్టి పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని నిర్ణయించుట మీలో చాలమంది ఎరుగుదురు. శిలాగర్భములోని దోషములు బయటపడుటకు లేపనములు పూసి చూచు పద్ధతియు మన శిల్పశాస్త్రములలో కలదు. ఆ గర్భమునే కంటితో చూడవచ్చునని నిరూపించిన ఒక ఆంగ్లేయుని వృత్తాంతమును ఇచట వివరించుచున్నాను.

ఆయనకు పూర్వము ఎడింబరో నగరములో విలియం నికల్ అను పండితుడు, రాయిగా మారిన ప్రాచీన వృక్షముల ముక్కలను గాజుపలకకు అంటించి, వెలుగు చొచ్చునంత పలుచగా అరగదీసినాడు. ఆ విధానము 1831లో హెన్రీ విథమ్ గ్రంథము ద్వారా వెలుగులోనికి వచ్చినది. పర్వతముల రాళ్లకు దానిని అన్వయించి ఒక శాస్త్రముగా నిలిపిన కీర్తి మాత్రము షెఫీల్డు వాసి హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ (1826–1908) గారిది. పిత్రార్జితము ఉండుటచే ఆయనకు కొలువు చేయవలసిన అవసరము లేదు. 1849 నుండి ఇంటియందే ఈ పనికి పూనుకొన్నారు.

పని వినుటకు సులభమే. చిన్న రాతిముక్క ఒక ముఖమును కురువిందపు పొడితో, ముతక నుండి మెత్తనకు మారుచు, నునుపగు వరకు అరగదీయవలెను. ఆ ముఖమును వేడిచేసిన కెనడా బాల్సమ్ అను చెట్టు బంకతో గాజుపలకకు అతికించవలెను. అష్టబంధనములో గుగ్గిలము కరుగుట చూచిన వారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. బంకలో గాలిబుడగ చిక్కినచో పొర ఊడిపోవును. పిదప రెండవ ముఖమును అరగదీయవలెను. నిత్యము సానపై చందనము తీయు మావంటి వారికి చేయి ఎక్కడ బరువైనదో తెలియును. ఇచట ఆ బరువు రవంత ఎక్కువైన యెడల రోజంతటి శ్రమ క్షణములో పొడియగును. సోర్బీ అంగుళములో వెయ్యవ వంతు వరకు తీసినారు. నేటి ప్రమాణము 0.03 మిల్లీమీటరు, తలవెంట్రుక కంటె పలుచన. దీనినే థిన్ సెక్షన్ అందురు. మందము సరిపోయినదా అని తెలుపునది రాతిలోని స్ఫటికమే: నికల్ 1828లో కనిపెట్టిన పట్టకములు రెండింటి నడుమ ఉంచి చూచినప్పుడు క్వార్ట్జ్ పసుపుగా కనబడినచో ఇంకను అరగదీయవలెను, బూడిదవన్నె తెలుపునకు వచ్చినచో ఆపవలెను.

పర్వతములను సూక్ష్మదర్శినితో చూచుటయా అని ఆనాటి వారు పరిహసించినారు. 1858లో సోర్బీ ప్రకటించిన వ్యాసమే దానికి జవాబు. గ్రానైటు స్ఫటికములలో చిక్కుకొన్న సూక్ష్మ జలబిందువులను, వాటిలోని బుడగలను చూపి, ఆ రాయి అధికమైన వేడిలో, ఒత్తిడిలో, నీటి సాన్నిధ్యమున ఏర్పడినదని నిరూపించినారు. స్వదేశము కంటె ముందు జర్మనీ ఆ విద్యను ఆదరించినది. ఆయనను కలిసికొన్న ఫెర్డినాండ్ జిర్కెల్ అను యువకుడు అచట దానిని విస్తరింపజేసినాడు.

ఈ కథకు మన తూర్పు కనుమలతోను సంబంధము ఉన్నది. విశాఖ ప్రాంతపు కొండలలోను, ఒడిశాలోను విరివిగా దొరకు శిలకు టి. ఎల్. వాకర్ 1902లో, ఖోండు జాతి పేరిట, ఖొండలైటు అని నామకరణము చేసినాడు. 13వ శతాబ్దపు కోణార్క సూర్యాలయమునకు వాడినది ఇదే. ఇందలి ఫెల్డ్‌స్పార్ తేమకు బంకమన్నుగా మారును. పైకి గట్టిగా ఉన్న రాతియందును, పలుచని పొరలో చూచినప్పుడు చెడని భాగము స్వచ్ఛముగను, చెడినది మసకగను గోచరించును. కాంక్రీటు ముక్కలను సైతము నేడు రంగు కలిపిన రెసిన్‌లో నానబెట్టి, ఇట్లే అరగదీసి, బీటలను పరీక్షించుచున్నారు.

పూజలందుకొను మూర్తి నుండి ఒక్క రేణువైనను తీయరాదు; ఇందులో నాకు సందేహము లేదు. కాని దూలములను, స్తంభములను మార్చవలెనా నిలుపవలెనా అని తర్కించుకొనునప్పుడు, విరిగిపడిన పెచ్చును పరీక్షకు పంపుటలో దోషము లేదని నా అభిప్రాయము. మంచి రాతిని అనవసరముగా పెకలించుటయే దోషము. పరీక్షకు బొటనవ్రేలి గోరంత ముక్క చాలును.