తూటా తగలకుండా చనిపోయిన సైనికులు



మొన్న మా పక్క చేను అబ్బాయి పత్తి చూసి కంగారుపడ్డాడు. లేత ఆకులన్నీ బెండాకుల్లా చీలికలై ముడుచుకుపోయాయి. అది తెగులూ కాదు, పురుగూ కాదు. మొక్కజొన్నలో కలుపుకి 2,4-డి కొట్టిన ట్యాంకుని సరిగ్గా కడక్కుండా పత్తికి వాడారు, అంతే. మనలో చాలామందికి ఇది అనుభవమే. అడుగున మిగిలిన నాలుగు చుక్కలకే పైరు అట్లా అయిపోతుంది.

ఈ మందుకి ఒక యుద్ధ చరిత్ర ఉంది. మందు పిచికారీ చేసే మనం తెలుసుకోవలసిన చరిత్ర.

అమెరికా వియత్నాంలో యుద్ధం చేసే రోజుల్లో అక్కడి గెరిల్లాలు దట్టమైన అడవుల్లో దాక్కునేవాళ్ళు. అడవికి ఆకు లేకుండా చేస్తే వాళ్ళు కనపడతారని, పైర్లు మాడ్చేస్తే వాళ్ళకి తిండి దొరకదని అమెరికా సైన్యం లెక్కేసింది. 1962 నుంచి 1971 దాకా విమానాలతో కలుపు మందులు చల్లారు. మొత్తం సుమారు 2 కోట్ల గ్యాలన్లు, అంటే ఏడున్నర కోట్ల లీటర్లు. అందులో సగానికి పైగా ఒకటే రకం. డ్రమ్ముల మీద నారింజ రంగు పట్టీ ఉండేది కాబట్టి దాన్ని ఏజెంట్ ఆరెంజ్ అన్నారు.

అందులో సగం మనకి తెలిసిన 2,4-డి. మిగతా సగం 2,4,5-టి అనే దాని అన్నదమ్ముడు. అసలు విషం ఈ రెండోదానితో వచ్చింది. దాన్ని తయారుచేసేటప్పుడు డయాక్సిన్ అనే పదార్థం కూడా పుడుతుంది. వేడి అదుపు తప్పితే ఇంకా ఎక్కువ. ఎవరూ కావాలని కలిపింది కాదు గానీ, ఒంట్లో చేరితే ఏళ్ళ తరబడి కొవ్వులో దాక్కుని ఉంటుంది.

మనుషులకి ఏమీ కాదని సైనికులకి చెప్పారు. మందు చల్లిన అడవుల్లోనే నడిచారు, అక్కడి నీళ్ళే తాగారు. ఖాళీ డ్రమ్ములు నీళ్ళు పట్టుకోవడానికీ వాడుకున్నారు. మనం మందు డబ్బాలు కడిగి వాడుకోవడంలా.

యుద్ధం అయిపోయి ఇళ్ళకెళ్ళారు. కొన్నేళ్ళకి ఒక్కొక్కరికీ జబ్బులు మొదలయ్యాయి. ఒళ్ళంతా పొక్కులు, రకరకాల క్యాన్సర్లు. ఆస్పత్రికి వెళ్తే అడిగింది ఒకటే మాట. యుద్ధంలో చల్లిన మందు వల్లే వచ్చిందని రుజువేది? 1977లో షికాగోలోని మాజీ సైనికుల శాఖలో పనిచేసే మాడ్ డివిక్టర్ అనే ఉద్యోగిని, తన దగ్గరికి వచ్చే అర్జీల్లో ఈ మందు మాట పదే పదే రావడం గమనించి వివరాలు రాసిపెట్టింది. మరుసటి ఏడు సంగతి టీవీకెక్కింది.

సైనికులు మోన్‌శాంటో, డౌ లాంటి తయారీ కంపెనీల మీద కేసు వేశారు. 1984లో విచారణ మొదలయ్యే రోజే 18 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. కంపెనీలు తప్పు ఒప్పుకోలేదు. పూర్తిగా మంచాన పడ్డవాడికి దక్కేది ఎక్కువలో ఎక్కువ సుమారు 12 వేల డాలర్లు, అదీ పదేళ్ళలో.

ఈ కథలో నన్ను పట్టేసింది ఒక తండ్రీ కొడుకుల సంగతి. వియత్నాంలో అమెరికా నౌకాదళానికి అధిపతిగా ఉన్న అడ్మిరల్ జుమ్‌వాల్ట్, నది ఒడ్డున పొదల్లోంచి కాల్పులకి తన నావికులు చనిపోతున్నారని ఆ ఒడ్డుల మీద మందు చల్లించాడు. అవే నదుల్లో ఆయన కొడుకు ఒక పడవకి అధికారి. ఆ కొడుకు క్యాన్సర్‌తో 1988లో, 42 ఏళ్ళకే పోయాడు. మనవడు లోపంతో పుట్టాడు. ఆ మందు వల్ల ఎందరో నావికులు బతికారని తండ్రీ కొడుకులు ఇద్దరూ అనేవాళ్ళు. కానీ తండ్రి అక్కడితో ఊరుకోలేదు. జబ్బులకీ మందుకీ ఉన్న సంబంధం మీద 1990లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చి, సైనికుల తరఫున నిలబడ్డాడు.

1991లో చట్టం వచ్చింది. వియత్నాంలో పనిచేసి, జాబితాలోని జబ్బు వస్తే చాలు, అది ఆ మందు వల్లేనని ప్రభుత్వమే అనుకోవాలి. రుజువు చేసే బరువు రోగి నెత్తి మీంచి దిగింది. తర్వాత చక్కెర జబ్బు, పార్కిన్సన్ కూడా చేరాయి. తీరం దగ్గర ఓడల్లో పనిచేసినవాళ్ళకి 2019 చట్టంతో, రక్తపోటు ఉన్నవాళ్ళకి 2022 చట్టంతో న్యాయం దక్కింది. అప్పటికి ఎంతమంది మిగిలారో ఆలోచించండి.

వాషింగ్టన్‌లో 1982లో కట్టిన నల్లరాతి గోడ మీద ఆ యుద్ధంలో చనిపోయిన 58 వేల మందికి పైగా పేర్లున్నాయి. మందు వల్ల తర్వాత చనిపోయినవాళ్ళకి అందులో చోటు లేదు. 2004లో పక్కన వాళ్ళకోసం ఒక ఫలకం పెట్టారు. దాని మీద పేర్లు లేవు.

వియత్నాం వాళ్ళకి అదీ దక్కలేదు. మందు పడింది వాళ్ళ పొలాల మీద, వాళ్ళ పిల్లల మీద. అక్కడి రెడ్‌క్రాస్ లెక్క ప్రకారం బాధితులు 30 లక్షల దాకా ఉంటారు. వాళ్ళు అమెరికాలో వేసిన కేసుని 2005లో కొట్టేశారు. 1961 ఆగస్టు 10న తొలిసారి అక్కడ మందు చల్లారు. అందుకే ఏటా ఆ రోజున బాధితుల్ని తలుచుకుంటారు.

నాకు అర్థమైంది ఒకటే. దండ వేసి చప్పట్లు కొట్టడం తేలిక. నీ జబ్బు నిజమే, నీ మాట నమ్ముతున్నాం అనడమే అసలు గౌరవం. ఆ మాట కోసం వాళ్ళు ఇరవై, ముప్పై ఏళ్ళు కొట్లాడాల్సొచ్చింది.

మన ఊళ్ళో కూలికి మందు కొట్టేవాడు కళ్ళు తిరుగుతున్నాయనో, ఒంట్లో తేడాగా ఉందనో అంటే, నిన్న తాగింది దిగలేదా అని నవ్వేస్తాం. నేనూ నవ్వినవాణ్ణే. ఇకమీదట ముందు ట్యాంకు దింపించి, నీడన కూర్చోబెట్టి, ఒళ్ళు కడిగించి, డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. రుజువు సంగతి తర్వాత.